మూడు పిడికిళ్ల చుక్క

తొమ్మిదో తరగతిలో నేను చేసిన తప్పు ఒకటి ఇప్పటికీ నన్ను వదల్లేదు. మూడు అని రాయాల్సిన చోట రెండు అని రాశాను.

ఆ ఏడు మా జిల్లాలో విద్యార్థులకు ఖగోళ పోటీ పెట్టారు. విషయం నక్షత్రాలు, సుదూర అంతరిక్షం. రాతపరీక్షకు నన్ను తయారు చేసింది మా అవ్వే. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. చదువు రాదు గాని, చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టేది. ఆమె ఒక కట్ట కట్టేలోగా నేనొక నక్షత్రం రంగు, దూరం, వయసు అప్పజెప్పాలి. "గంత దూరం ఎవడు పోయి కొలిచిండే?" అని మధ్యలో ఎత్తిపొడిచేది.

రాతపరీక్షతో పాటు ఒక పరిశీలన పుస్తకం కూడా ఇవ్వాలి. అందులో ధ్రువ నక్షత్రం ఎత్తు రెండు ఊళ్లలో ఎంతుందో చూపాలి. రెండో ఊళ్లో మనవాళ్లెవరైనా చూసి చెప్పినా సరే. కొలిచే పద్ధతి మా సైన్సు సారు నేర్పించారు. చెయ్యి బారుగా చాచి, నేలా ఆకాశం కలిసే చోట మొదలుపెట్టి, పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ చుక్క దాకా పోవాలి. ఒక పిడికిలి ఇంచుమించు పది డిగ్రీలు. చొప్పదండిలో మా మిద్దె మీద రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ వచ్చింది.

తోటి పిల్లలు అమ్మమ్మల ఊళ్లు పట్టుకున్నారు. జగిత్యాల పోయినా, జైనూర్ పోయినా వేలెడు తేడా కూడా రాదు. నా ముందు వాళ్లెంత అనుకున్నాను. నాకు బాపు ఉన్నాడు, సౌదీలో, జెద్దా నగరంలో, కంపెనీ బండి నడుపుతూ.

బాపు వారానికోసారి వాయిస్ మెసేజ్ పంపేవాడు. పిడికిళ్లతో చుక్కను కొలవమనీ, వీలైతే ఒక గెలాక్సీని ఫలానా చోట వెతకమనీ అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు. "కదలని చుక్కనా? గది నాకెరుకే బిడ్డా. ఈడోళ్లు దాన్ని చూసే తొవ్వ పడుతరు." బండి నడిపే మనిషికి చుక్కను చూసి దారి పట్టే అవసరమేమిటో నాకు తట్టలేదు.

తర్వాతి వారం లెక్క వచ్చింది. "మూడు పిడికిళ్లు సక్కగ వచ్చినయి."

జెద్దాలో రెండు పిడికిళ్ల మీద ఒక వేలు రావాలని సారు ముందే చెప్పారు. నాకసలే ముక్కు మీద కోపం. "పిడికిలి పట్టుడు గూడ రాదా బాపూ? చెయ్యి మడిచినవ్ గావచ్చు. జర సక్కగ చాచి మళ్ల చూడు" అని పంపాను. "బాపును గట్ల అంటరానే?" అని అవ్వ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది.

బాపు కోపగించుకోలేదు. వరుసగా మూడు రాత్రులు చూశాడట. "మూడే బిడ్డా. ఇంకోటి, నువ్వు చెప్పిన తావుల బీడీ పొగ ఊదినట్టు సన్నటి మరక గూడ కనవడ్డది." ఆ మరక ఆండ్రోమెడా గెలాక్సీ. అక్కడి వెలుగు ఇక్కడికి చేరడానికి ఇరవై ఐదు లక్షల ఏళ్లు పడుతుంది. వీధి దీపాల వెలుతురులో మా మిద్దె మీంచి నాకది ఒక్కసారి కూడా కనబడలేదు.

అప్పుడు కూర్చొని ఆలోచించాను. చెయ్యి మడిస్తే పిడికిలి కంటికి దగ్గరై పెద్దగా కనిపిస్తుంది, లెక్క తగ్గుతుంది. పెరగదు. అంటే బాపు కొలత తప్పు కాదు. ధ్రువ నక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తే ఆ ఊరి అక్షాంశం ఇంచుమించు అంతే. అట్లాసు తీసి ముప్పై డిగ్రీల గీత మీద సౌదీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలు జరిపాను. జెద్దా ఎక్కడో కింద సముద్రం ఒడ్డున ఉంది. నా వేలి కింద ఉన్నదంతా ఇసుక రంగే. డ్రైవర్ వీసా అని తీసుకుపోయి ఎడారిలో ఒంటెల దగ్గర పడేసిన కథలు మా దిక్కు ప్రతి వాడకట్టులోనూ ఉంటాయి. మా ఇంట్లోనూ ఒకటుందని మాకే తెలియదు. అట్లాసు మూసేశాను.

అవ్వకు చెప్పలేదు. ఎవరడిగినా "మా పిల్ల బాపు ఏసీ బండి నడుపుతుండు" అని చెప్పుకొని బతుకుతోంది ఆమె. బాపును కూడా అడగలేదు. మా కోసం దాచుకున్నదాన్ని బయటికి లాగడానికి నాకు నోరు రాలేదు. పుస్తకంలో జెద్దా అని రాసి, పక్కన రెండు పిడికిళ్లు, ఒక వేలు అని రాశాను. ఆ మరకను మాత్రం వదిలేయబుద్ధి కాలేదు. బీడీ పొగ ఊదినట్టు అని ఆయన మాటల్లోనే రాశాను.

పోటీ కరీంనగర్‌లో జరిగింది. పుస్తకం చూసిన మేడం రెండు పిడికిళ్ల దగ్గర టిక్కు పెట్టారు. మరక దగ్గర ఆగారు. "అంత వెలుతురున్న నగరంలో ఇది కంటికి ఆనదమ్మా. చూడకుండా రాశారు" అని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. అబద్ధం నిలిచింది, నిజం పోయింది. నోరు తెరిస్తే బాపు ఎక్కడున్నాడో చెప్పాలి. బల్ల దగ్గర నుంచి పక్కకు జరిగాను. బహుమతి రాలేదు. బాపు చూసింది తప్పని కొట్టేశారని అవ్వ ఆయనకు మెసేజ్ పెట్టింది.

ఆ వారం బాపు మెసేజ్ అవ్వ పక్కనే కూర్చొని విన్నాను. "నేనే తప్పు చూసిన గావచ్చు బిడ్డా. నా అసొంటోని మాట పట్టుకొని నీ ప్రైజు పాయె. మాఫ్ చెయ్యి." జవాబు చెబుదామని మూడుసార్లు ఫోన్ తీసి మూడుసార్లు పక్కన పెట్టాను. ఆ రోజు నోరు మెదపనందుకు నా మీద నాకు ఇంకా కోపమే.

రెండేళ్లకు బాపు తిరిగొచ్చాడు, మనిషి సగమై. "కంపెనీ మూతవడ్డది" అన్నాడు. కొండగట్టు గుడిలో మొక్కు తీర్చుకొని వచ్చిన సాయంత్రం, నేను మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తుంటే పైకి వచ్చాడు. అప్పుడే చుక్కలు తేలుతున్నాయి. ఉత్తరం దిక్కు తిరిగి, మోచెయ్యి కాస్త కూడా మడవకుండా బారుగా చెయ్యి చాచి, పిడికిలి పట్టాడు. ఒకటి. రెండోది చుక్కను దాటిపోయింది. మళ్లీ మొదటి నుంచి చూశాడు.

"గీడ రెండు గూడ లేదేందే?"

"ఉత్తరం పోయినకొద్ది మీదికి లేస్తది బాపూ. జెద్దాల రెండుంటది. మూడు రావాల్నంటే ఇంకా మీదికి, ఎడారిలకు పోవాలె."

ఆయన చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. కింద అవ్వ గిన్నెలు సర్దుతోంది.

"అప్పటిసందే ఎరుకనా నీకు?"

"ఎరుకే."

"అవ్వకు?"

"చెప్పలే."

ఒంటెల సంగతి చెబుతాడేమో, ఏడుస్తాడేమో అనుకున్నాను. బాపు చెయ్యి దించి నా దిక్కు తిరిగాడు.

"గట్లయితే నేను తప్పు చూడలే గదా బిడ్డా?"

"తప్పు చూడలే బాపూ. మూడే."