బయటి ఫ్లాపీ లోపలికి రాదు

తొంభైల చివర్లో ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ఎన్నిసార్లు తిరిగానో, కానీ తలచుకుని నవ్వుకునే ప్రయాణం ఒక్కటే. మా పక్కింటి ఖలీల్ భాయ్‌కి మర్నాడే హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ, దుబాయ్‌లో డ్రైవర్ ఉద్యోగం. బయోడేటా కంప్యూటర్‌లో కొట్టిందే కావాలని ఏజెంటు పట్టుబట్టాడు. నాకు టైపింగ్ వచ్చు కనుక తోడు వెళ్లాను. పొద్దున బస్సెక్కితే లింగంపేట మీదుగా గంటన్నర ప్రయాణం, టికెట్ పది రూపాయల పైచిలుకు. కిటికీ పక్కన కూర్చుంటే దారంతా వరి పొలాలే.

కామారెడ్డి బస్టాండు దగ్గరి ప్రింటింగ్ షాపులో టైప్ చేసే మనిషి పెళ్లికి పోయాడట. "ఫ్లాపీల తెస్తే ప్రింట్ తీసిస్త. నా మిషన్ మీద వేరేటోళ్లను కూసోనియ్య," అన్నాడు యజమాని. లైబ్రరీలో కంప్యూటర్ ఉందని చెప్పింది కూడా ఆయనే. ఒక ఫ్లాపీ కొనుక్కుని అటు నడిచాం.

అక్కడ కంప్యూటర్‌కు పూలగుడ్డ కప్పి ఉంది. చెప్పులు బయటే విడవాలి. ఆటలన్నీ తీసేసి టైపింగ్ ఒక్కటే ఉంచారు. ఖలీల్ భాయ్ చెబుతుంటే ఆయన తోలిన లారీలు, ట్రాక్టర్లు అన్నీ ఇంగ్లీషులోకి ఎక్కించాను. ఇక ఫ్లాపీ పెట్టబోతుంటే లైబ్రరీ మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"బయటి ఫ్లాపీ లోపటికి రాదు. వైరస్ వస్తది. రూలంటే రూలే."

ఖలీల్ భాయ్ ముఖం వాడిపోయింది. "రేపే ఇంటర్వ్యూ మేడం. ఇది లేకుంటే నన్ను లోపటికే పిలువరు." నాకైతే ఒళ్లు మండింది.

మేడం బీరువాలోంచి లైబ్రరీ ఫ్లాపీ తీసింది. "ఇది మనదే, పెట్టొచ్చు. బయటికి పోవాల్నంటే బుక్కు లెక్కనే ఇష్యూ చేస్త. మెంబర్ గాండ్రి."

అలా ఏనాడూ పుస్తకం పట్టని ఖలీల్ భాయ్ మెంబరయ్యాడు. ఫ్లాపీ వెనక కాగితం అంటించి తేదీ ముద్ర కొట్టారు. మళ్లీ షాపుకెళ్లి ప్రింటు చేతికొచ్చాక తిన్న మిర్చిబజ్జీల రుచి ఇప్పటికీ మరిచిపోలేదు.

ఉద్యోగం వచ్చింది. గడువు లోపలే మిఠాయి డబ్బాతో ఫ్లాపీ తిరిగివ్వడానికి వెళ్లాం. మేడం దాన్ని బీరువాలో పెట్టబోయి ఆగింది. "ఇది బయటికి పోయొచ్చింది గదా, ఇంక కంప్యూటర్ల పెట్టరాదు," అంటూ పుస్తకాల అరలో నిలబెట్టింది.

ఆ రూలు మీద నాకున్న కోపమంతా ఆ రోజే నవ్వయిపోయింది. రూలు తప్పకుండానే ఒక మనిషిని గట్టెక్కించిందామె. మీరూ ఊరుగాని ఊళ్లో లైబ్రరీకి పనిమీద వెళ్తే ముందుగా మెంబర్ అవ్వండి, తర్వాతే పని అడగండి. రెండేళ్లకు సెలవు మీద వచ్చిన ఖలీల్ భాయ్ నేరుగా ఆ అర దగ్గరికే వెళ్లాడు.

"మళ్ల ఇష్యూ చేస్తరా మేడం? జిందగీల నేను తీస్కున్న బుక్కు ఇదొక్కటే."