ఒక పత్రిక, మూడు పుట్టుకలు

నేను చదువుకోడానికొచ్చి నార్త్ యార్క్‌లో దిగిన ఆ రోజుల్లో టొరంటోలో మంచు కంటే ఎక్కువగా కురిసింది స్టూడెంట్లే. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే వీధి మలుపు దాకా క్యూ. అందులో ఇంజనీర్లు, ఎంబీఏలు, ఓ పళ్ళ డాక్టరు కూడా. (అమ్మ ఫోన్‌లో "జాబ్ వచ్చిందా నాయనా?" అంటే "ప్రాసెస్‌లో ఉందమ్మా" అనేవాణ్ణి. ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర నేర్చుకున్న మొదటి మాట అదే.) అంత కరువులో నాకు ఒక అరబిక్ దినపత్రికలో పార్ట్‌టైమ్ దొరికింది. నాకు అరబిక్‌లో ఒక్క అక్షరం రాదు. కానీ ఇండియాలో ఏ ఊరని అడిగిన ఎడిటర్ గారు, హైదరాబాద్ అనగానే "అక్కడ మా అరబ్బులు తరతరాలుగా ఉన్నారు, అయితే మనవాడే!" అని తీసేసుకున్నారు. (మాది వరంగల్. కెనడా వచ్చాక తెలంగాణ అంతా హైదరాబాదే.)

ఆయన్ని ఆఫీసులో అందరూ ఉస్తాద్ అనేవారు. పెద్ద మీసం, అంతకంటే పెద్ద గొంతు. "దినపత్రిక కదా సార్, వారానికి రెండుసార్లే వస్తోందేం?" అని అమాయకంగా అడిగితే నొచ్చుకున్నారు. "దినపత్రిక అంటే రోజూ అచ్చయ్యేది కాదోయ్. రోజూ చదవాల్సింది!" అన్నారు. నా పని పేపర్ల మధ్యలో యాడ్ కాగితాలు దూర్చడం. కొన్నాళ్ళకు అనుకోకుండా చరిత్రకారుణ్ణయ్యాను. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు ఏడాది పొడవునా యాడ్స్ ఇస్తామన్నారట (స్టూడెంట్లను పట్టడానికి వాళ్ళకు ఏ భాషలో వలేసినా ఒకటే). ముందు పత్రిక చరిత్ర, పరిచయం ఇంగ్లీషులో ఒక పేజీ పంపమన్నారు. "బిజినెస్ కమ్యూనికేషన్ చదువుతున్నావుగా, నువ్వే రాయి. ఆ యాడ్ రాకపోతే ముందు పోయేది నీ ఉద్యోగమే" అన్నారు ఉస్తాద్, ఎంతో ఆప్యాయంగా.

చరిత్ర ఆయనే చెప్పారు. ఒంటరిగా, ఒక బేస్‌మెంట్‌లో, మంచు తుఫానులో, గడ్డకట్టిన వేళ్ళతో మొదటి సంచిక తెచ్చారట. కళ్ళు చెమర్చేలా రాశాను. పార్ట్‌నర్ చదివారు. ఆయన ఉస్తాద్ గారి బావమరిది, బక్కపల్చటి మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బేస్‌మెంట్ నాది. ప్రింటర్ నాది. అప్పటికి ఆయనకు వీసా కూడా రాలేదు. తుఫాను మాత్రం ఆయనదే, ఉంచుకోమను" అన్నారు. మార్చి రాస్తే ఉస్తాద్ కొట్టేశారు. చివరికి "ఇద్దరు మిత్రులు కలిసి స్థాపించిన పత్రిక" అని రాజీ కుదిర్చాను. (పోస్టర్ మీద ఇద్దరు హీరోల పేర్లు ఒకే సైజులో వేసే దేశం నుంచి వచ్చినవాణ్ణి.) దాంతో ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. "మిత్రులమా? మేమా?"

కాలేజీ మనిషి మర్నాడు వస్తాడనగా కాగితం ఇంకా తెల్లగానే ఉంది. నా మొహమూ అంతే. అకౌంట్స్ చూసే ఆంటీ, అంటే ఉస్తాద్ భార్య, బావమరిదికి అక్క, నా ముందు టీ గ్లాసు పెట్టి కూర్చున్నారు. "నే చెప్తా రాసుకో. మా ఆయన మా దేశంలో పేరున్న జర్నలిస్టు. ఇక్కడ ఎక్కడికెళ్ళినా కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అన్నారు. మా తమ్ముడు ఇంజనీరు, వాడినీ అదే అడిగారు. ఇద్దరూ నా వంటింట్లో కూర్చుని పొద్దస్తమానం ప్రభుత్వాన్ని తిట్టేవాళ్ళు. ఆ తిట్లేవో అచ్చేసుకోండి, నన్ను వంట చేసుకోనివ్వండి అన్నాను. అదీ పత్రిక పుట్టుక."

నేను నవ్వాను. ఆంటీ నవ్వలేదు. గుమ్మంలో ఆ మగవాళ్ళిద్దరూ ఎప్పుడొచ్చారో, నేల చూస్తూ నిలబడ్డారు. ఆ ఎక్స్‌పీరియన్స్ మాట నన్నూ చాలా గుమ్మాల్లోంచి వెనక్కి పంపింది. నా నవ్వు సగంలో ఆగిపోయింది. ఉన్నదున్నట్టు రాసేశాను. "ఇందులో నేను హీరోలా లేను" అన్నారు ఉస్తాద్. "నేనూ లేను" అన్నారు బావమరిది. నష్టం ఇద్దరికీ సమానం కాబట్టి ఒప్పందం కుదిరింది.

మర్నాడు వచ్చిన కాలేజీ మనిషి మా చరిత్రను చదవకుండానే ఫైల్లో పెట్టేసుకున్నాడు. అరబిక్ పత్రిక కుడి నుంచి మొదలవుతుందని ఆయనకు తెలీదు. చివరి పేజీని పైకి పెట్టుకుని, సంతాప ప్రకటనల పక్కనున్న జాగా మీద వేలుపెట్టి, "ఫ్రంట్ పేజీలో ఇక్కడే మా యాడ్ ఉండాలి" అన్నాడు. "తప్పకుండా! మీకోసం ఫ్రంట్ పేజీయే!" అన్నారు ఉస్తాద్, కనురెప్ప కూడా వెయ్యకుండా. (ఆ కాలేజీలో చదివినవాళ్ళు తర్వాత ఆ చోటే సరైందన్నారు.) నా ఉద్యోగం నిలిచింది.

ఈమధ్య అటువైపు వెళ్ళి, చూసిపోదామని లోపలికి అడుగుపెట్టాను. పత్రిక ఇప్పుడు ఫోన్‌లోనే వస్తోంది. ఉస్తాద్ మీసం తెల్లబడింది, గొంతు మాత్రం తగ్గలేదు. కొత్తగా పార్ట్‌టైమ్‌లో చేరిన గుంటూరు అమ్మాయికి నన్ను చూపించి, "ఈయన మా స్థాపకుల్లో ఒకడు. అరబిక్ మాతృభాషలా మాట్లాడతాడు!" అని పరిచయం చేశారు. కాదని చెబుదామని నోరు తెరిచాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "నిజమా అంకుల్!" అంది. అంకుల్! జీవితంలో మొదటిసారి ఆ మాట పడ్డాక, కనీసం స్థాపకుడినైనా కాకపోతే మరీ అన్యాయమనిపించింది. కాలరు సర్దుకుని నిలబడ్డాను.