కొత్త నంబరు నుంచి ఫోనొస్తే

మా ఎదురింటి టీచరమ్మ పోయిన గురువారం పొద్దున చనిపోయింది. నేను అప్పుడే ఆదోనిలో మా మిల్లు ఆఫీసు తలుపు తీసి, కీబోర్డు మీద పేరుకున్న దూది దులుపుకుంటున్నాను. అమ్మ ఫోను చేసింది. "పాపా, టీచరమ్మ సచ్చిపోయింది మే. పూలు కోసుకుందామని వాకిట్లోకి వచ్చినాదంట, ఆడ్నే కూలబడింది. బస్సెక్కి రా" అంది. సెలవు అడిగితే మా మేనేజరు "ఏమవుతుంది నీకు?" అన్నాడు. ఏమీ కాదన్నాను. "మరి?" అన్నాడు. ఆ మనిషికి జవాబు చెప్పి నోరు నొప్పి పుట్టించుకోవడం దేనికని బ్యాగు తగిలించుకుని వచ్చేశాను. ఆయనకు చెప్పనిది మీకు చెబుతున్నాను.

ఎమ్మిగనూరులో దిగి మా వీధి మొదట్లోకి వచ్చేసరికే ఫ్లెక్సీ కట్టేశారు. మా ఊళ్లో మనిషి పడిపోతే డాక్టరు రావడానికి పట్టే టైము కంటే ఫ్లెక్సీ రావడానికి తక్కువ పడుతుంది. అందులో టీచరమ్మ మొహం అరచెయ్యంత. ఆమె అక్క కొడుకులిద్దరూ మాత్రం నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలువెత్తున నిలబడ్డారు. వాళ్లుండే మంత్రాలయం ఇక్కడికి ఎంత దూరమని? బతికుండగా ఒక్క పండక్కి రాలేదు వాళ్లు. గేటు దగ్గర మా వీధి ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "బంగారంలాంటి మనిషి" అంటున్నారు. మొన్నటిదాకా వీళ్ల నోట్లో ఆమె పేరు గయ్యాళి. నాకైతే ఆ గయ్యాళే కావాలి. ఈ బంగారమెవరో నాకు తెలీదు.

ఆమె ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. పుట్టింటి వాళ్లు గుడి కొలువులోనూ బడి కొలువులోనూ బతికినవాళ్లు. మొగుడు చిన్న వయసులోనే పోయాడు. పొద్దున్నే వసారాలో కుర్చీ వేసుకుని, గుడ్డసంచిలో ఫోను, ఆ సంచి అంచుకు గుచ్చిన ఎర్ర పెన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ పెన్నంటే వీధికంతా హడలు. పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్ల ముందే తప్పులు దిద్ది వాళ్ల చేతికే తిరిగిచ్చేది. అందుకే ఆమెను పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. "తిండి తప్పింది, సదువురానోళ్ల పక్కన కూసునేది తప్పింది" అనేది.

ఇక మా ఇంటి సంగతి. మా నాయన మగ్గం నేసేవాడు, నేసిందంతా తాగేవాడు. బంధువులందరూ కలిసి ఆయన్ను దేవరగట్టుకు తీసుకుపోయి స్వామి ముందు ప్రమాణం చేయించారు. వాళ్ల తెలివి ఏమని చెప్పను! తిరిగొస్తూ హొళగుందలో బస్సు ఆగింది, ఆయన దిగాడు. ఆ తర్వాత మాల వేయించారు. మాలలో ఉన్నన్నాళ్లు స్వామీ స్వామీ అని కాళ్లు మొక్కి, మాల తీసిన సాయంత్రం తామే తోడు కూర్చుని పోశారు. చివరికి మానింది కర్నూలు ఆసుపత్రిలో, డాక్టరు మాత్రలతో. ఇప్పటికీ మా పెద్దమామ అదంతా తన మాల మహిమేనని ఊరంతా చెప్పుకుంటాడు.

ఆ తాగిన రోజుల్లో మా ఇంట్లో ఫోను మోగితే ఎవరెత్తినా ఒకటే మాట: ఇంట్లో లేడు. నూలిచ్చిన షావుకారు చేసినా, చీర ఎప్పుడిస్తారని పెళ్లివారు చేసినా, నాయన ఆ పక్కనే మంచం మీద మూలుగుతున్నా సరే, లేడు, బళ్లారికి పోయినాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. చిన్నప్పుడు నేను బడిలో నేర్చిన పద్యాలన్నీ మరిచిపోయాను గానీ ఇది మరిచిపోలేదు.

బి.కాం. పాసై, టాలీ నేర్చుకుని కూడా ఆ ఏళ్లన్నీ నేను ఇంట్లోనే ఉండిపోయాను. నాయనను మోరీ పక్కనుంచి లేపుకొచ్చేది నేను, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నది నేను. ఆయన మానేసి ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకున్నాక, ఉద్యోగం వెతుక్కుందామని నెట్ సెంటరుకు పోయి రెజ్యూమె చేయించుకున్నాను. ఆ నెట్ సెంటరాయన ఊరందరికీ ఒకటే రెజ్యూమె ఇస్తాడు. పేరు మారుస్తాడు, ఫోటో మారుస్తాడు, అంతే. ఇంగ్లీషులో తప్పులుంటే చూస్తుందని దాన్ని టీచరమ్మ దగ్గరికి పట్టుకుపోయాను.

మొదటి వాక్యం చదివి ఆమె నా మొహంలోకి చూసింది. "సవాళ్లతో కూడిన ఉద్యోగం కావాలంట! ఇంకా ఎన్ని సవాళ్లు కావాలే నీకు? మీ ఇంట్లో ఉన్నెవి చాల్లేదా?" అని కొట్టేసింది. "అభిరుచులు, పాటలు వినడం. యాడ విన్నావే? మీ నాయన్ను ఆటోలో ఏసుకొచ్చేటప్పుడు ఆయన పాడినేవా?" అదీ కొట్టేసింది. అట్టడుగున, పైన రాసినవన్నీ నిజాలని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నానని ఉంటుంది కదా, అది చూసి పడిపడి నవ్వింది. "మీ నాయన గూడా దేవరగట్టులో ఇట్లే చేసినాడు గదా!" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం లాక్కుని వచ్చేద్దామని లేచినదాన్ని, నవ్వాగక మళ్లీ కూర్చుండిపోయాను. మా ఇంటి తాగుడు గురించి జాలిపడకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆమె. అయ్యో పాపం అనేవాళ్లను చూసీ చూసీ నాకు అసహ్యం పుట్టి ఉండింది.

మధ్యలో ఖాళీగా ఉన్న ఏళ్లకు ఏం రాయాలన్నది పెద్ద చిక్కు. హైదరాబాదులో ఏదో కోర్సు చేసినట్టు పెట్టమంది మా అమ్మ. టీచరమ్మ ఆ ఖాళీలో తనే రాసింది: ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే చూసుకున్నాను, ఇప్పుడు నయమైంది, పనికి సిద్ధంగా ఉన్నాను. "తాగుడని రాయొద్దా?" అని అడిగాను. "అడగడానికి వాళ్లెవరే? అబద్ధం రాయొద్దు. అక్కర్లేనిది చెప్పొద్దు. ఆ రెండిటికీ నడుమ బోలెడంత చోటుంది, ఆడ కూసో" అంది.

ఆదోనిలో పత్తి మిల్లులు, నూనె మిల్లులు, బట్టల కొట్లు, ఎమ్మిగనూరులో ప్రైవేటు బళ్లు, దేన్నీ వదలకుండా రెజ్యూమె ఇచ్చి వచ్చాను. నెలలు గడిచినా ఒక్క ఫోను రాలేదు. "తాగుబోతోని కూతురికి లెక్కలు ఎవరు అప్పజెప్తారు?" అని మా అత్త మా ఇంట్లోనే మా కాఫీ తాగుతూ అంది. నేను అది నమ్మేశాను. వసారాలో కూర్చుని ఏడిస్తే టీచరమ్మ విసుక్కుంది. "ఆదోని మిల్లులోళ్లు పొద్దున లేస్తానే మీ నాయన గురించి మాట్లాడుకుంటాండారా? ఆయనేమన్నా ఎమ్మెల్యేనా? యా నంబరిచ్చినావు?"

అమ్మ నంబరు. నా ఫోనును నాయన ఎప్పుడో తాగేశాడు. ఇంట్లో ఉన్నది అదొక్కటే.

ఆమె కుర్చీలోంచి లేచింది. అప్పుడే పాలు పోయడానికి వచ్చినాయన చేతిలోంచి ఫోను లాక్కుని, అమ్మ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, "ఆదోని మిల్లు నుంచి అని చెప్పు. పాప ఉందా అని అడుగు" అని అతని మూతి దగ్గర పెట్టింది. అతను బిక్కమొహం వేసుకుని అలాగే అడిగాడు. మా అమ్మ మా గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వీధికి ఇవతల నేను, అవతల ఆమె. తలెత్తితే నేను కనిపిస్తాను. తలెత్తింది కూడా. నన్నే చూస్తూ, "లేదు సార్. బళ్లారికి పోయింది. ఎప్పుడొస్తాదో తెల్దు" అని ఫోను పెట్టేసి మళ్లీ రాళ్లు ఏరుకోసాగింది. అబద్ధం చెప్పిన మొహం కూడా కాదది. ఈగను తోలినట్టు తోలేసింది.

పాలాయన నవ్వబోయి మా మొహాలు చూసి ఆగిపోయాడు. టీచరమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మీ నాయన మానుకున్యాడు. మీ ఇల్లు మానుకోలే" అంది. ఆ మాటలో తిట్టు లేదు. నేను విన్నవాటిలో అదొక్కటే అలాంటిది.

నాతోపాటు వీధి దాటి వచ్చి టీచరమ్మ అడిగితే అమ్మకు మొదట అర్థమే కాలేదు. "కొత్త నంబరు గదక్కా. కొత్త నంబరు నుంచి ఫోనొస్తే లేరనే గదా సెప్పాల" అంది. ఇంకా ఎన్నిసార్లు ఇట్లా చెప్పావంటే, "వచ్చినాయి శానా. ఆదోని అన్న్యారు, మిల్లు అన్న్యారు. నాకేమీ ఇనపల్యా అక్కా, నోరు దానంతట అదే సెప్పేస్తాది" అంటూ ఉన్నట్టుండి చేట కింద పెట్టేసింది. "నా బిడ్డ నోటికాడి కూడు నేనే లాగేసినానా?"

"లాగేసినావు" అంది టీచరమ్మ. "ఏడ్చింది చాలు. రేపట్నుంచి సాయంత్రం పూట చేస్తాను. ఎత్తి, ఉందండీ, పిలుస్తాను, అనాల. యాదీ, చెప్పు."

అట్లా మొదలైంది. కూరగాయలామె ఫోను, గ్యాసు బండాయన ఫోను, దారిన పోయే ఎవరి ఫోను దొరికినా సరే, వసారాలోంచి మా ఇంటికి. అమ్మ ఎత్తడం, "లే..." అని నాలుక కరుచుకోవడం, అటునుంచి తిట్లు. వీధి జనం వేడుక చూసేవాళ్లు. వాళ్లకు వేరే పనేముంది! ఒకరోజు మా నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, "ఆమెను అనొద్దు టీచరమ్మా. అట్ల సెప్పించింది నేనే గదా" అన్నాడు. "నిన్ను అంటాండానా? నీకు ఆ మర్యాద గూడా ఇయ్యలే నేను" అందామె. నాయన తల దించుకుని వెళ్లిపోయాడు. నాకు బాధేసింది, బాగా కూడా అనిపించింది. మర్నాటి నుంచి ఫోను మోగితే ఆయనే తీసుకొచ్చి అమ్మ చేతికిచ్చి పక్కన నిలబడేవాడు.

అసలు ఫోను ఒక మధ్యాహ్నం వచ్చింది. అమ్మ ఎత్తి, ఎక్కం అప్పజెప్పినట్టు "ఉందండీ, పిలుస్తాను" అని, వెంటనే ఫోనులోనే "అక్కా, సరిగ్గా సెప్పినానా?" అని కేక పెట్టింది. అవతల మిల్లు మేనేజరు "ఏంటమ్మా?" అన్నాడట. ఇంటర్వ్యూలో ఆయన నా లెక్కల గురించి ఒక్కటడిగితే జబ్బు గురించి పది అడిగాడు. ఏం జబ్బు, ఎవరికి, ఎట్లా వచ్చింది. "నయమైంది సార్" అన్నాను. మళ్లీ అడిగాడు, మళ్లీ అదే అన్నాను. టీచరమ్మ చూపిన చోట గట్టిగా కూర్చున్నాను. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి స్వీట్లతో పోతే డబ్బా మూత కూడా తీయలేదు. "మంచిది. ఇంక పొద్దస్తమానం నా వసారాలో కూసోకు" అంది. వచ్చేస్తూ వెనక్కి చూస్తే కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. చూశానని తెలిస్తే దానికీ తిట్టేది. ఆమె రుణం నేను తీర్చుకోలేను, ఆ మాట ఆమె ముందర ఎప్పుడూ అనలేకపోయాను.

గురువారం ఆమెను వసారాలోనే పడుకోబెట్టారు. అక్క కొడుకులు ఎవరితోనో ఇంటి కొలతలు మాట్లాడుతున్నారు. అప్పుడు కిటికీలోంచి ఆమె గుడ్డసంచి మోగింది. అందరూ దాని వంక చూశారు గానీ ఎవరూ కదల్లేదు. పెద్దవాడు నల్లకళ్లద్దాలు తీయకుండానే, "కొత్త నంబరే అయి ఉంటుంది. ఎవరన్నా ఎత్తి, ఆమె ఊళ్లో లేరని చెప్పి పెట్టేయండి" అన్నాడు.

మా అమ్మ లేచింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను తీసింది.

"సెప్పండి. టీచరమ్మ ఈ పొద్దున సచ్చిపోయినారండీ. నేను ఎదురింటామెను. మీకేం కావాల్ల?" అని, చాలాసేపు విన్నది. అవతల ఎవరో ఆడపిల్ల గొంతు సన్నగా వినిపిస్తోంది. ఉద్యోగం, కాగితాలు, ఆదివారం, రమ్మన్నారు, అన్న మాటలు నాకు అందాయి. పెద్దవాడు పెట్టేయమన్నట్టు చెయ్యి ఊపాడు. అమ్మ అతన్ని చూడనైనా చూడలేదు.

"ఉంది తల్లీ, మా పాప ఉంది. పిలుస్తాను."

పక్కనే ఉన్నాను నేను. అయినా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి, టీచరమ్మ మీదుగా చెయ్యి చాచి, ఎర్ర పెన్ను గుచ్చిన ఆ సంచితో సహా ఫోను నాకు అందించింది.