తియ్యటి నీళ్ళలో చేదును చూపించిన దేవుడు

నా బిడ్డ మట్టి తినేది సహోదరులారా! నాలుగు ముద్దలు కలిపి పెడితే మూతి తిప్పుకునే పిల్ల, గోడ పెళ్ళ గీరుకుని తినేది, పొయ్యి దగ్గర బూడిద వేలికి అద్దుకుని చప్పరించేది, వద్దే అని చేతి మీద ఒక్కటి వేస్తే పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చేది, ఆ ఏడుపు తగ్గక ముందే కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. బడిలో నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటిగా మరిచిపోయింది. ముఖం చూస్తే సున్నం కొట్టిన గోడే. ఇదిగో ఇప్పుడు ముందు వరసలో కూర్చుని, పక్క పిల్ల జడ లాగుతూ, అమ్మ ఏం చెప్పబోతోందా అని నన్ను చూస్తున్న ఈ కృపే ఆ పిల్ల! జడ వదలవే తల్లీ, ఇది దేవుని మందిరం.

నా పేరు సుగుణమ్మ, మీలో చాలామందికి తెలుసు. మాది ధర్మవరానికి దగ్గర, చిత్రావతి ఏటి ఒడ్డు పల్లె. మా ఆయన రత్నం చేపలు పట్టేవాడు, అంతకంటే ఎక్కువగా విసురువలలు అల్లి అమ్మేవాడు. విసిరిన వల విచ్చుకుని అడుగుకు చేరాలంటే దాని అంచంతా బరువు ఉండాలి కదా, ఆ బరువు కోసం సీసం గుండ్లు కడతారు. ఆ సీసానికి మా ఆయన హిందూపురం పోయి, పాత బ్యాటరీలు విప్పే చోట నుంచి లోపలి పలకలు గోనెసంచిలో తెచ్చి, ఏట్లో శుభ్రంగా కడిగి, మా వంటింటి పొయ్యి మీదే ఇనుప గరిటెలో కరిగించి, గుండ్లు పోసి, ఒక్కొక్క గుండును వల అంచు తాడుకు తొడిగి పళ్ళతో కొరికి బిగించేవాడు. పటకారు ఇంట్లోనే ఉండేది, కానీ ముట్టేవాడు కాదు.

"మా నాయనా పళ్ళతోనే బిగించినాడు, మా తాతా పళ్ళతోనే బిగించినాడు, పంటికి తెలిసినట్ల పటకారుకు యాడ తెలుస్తాదే?" అనేవాడు. అబ్బో, ఆ గర్వం చూడాలి!

ఇక నీళ్ళ సంగతి చెప్తాను వినండి. వానలు లేని కాలంలో ఏట్లో ఇసుక తవ్వితే నీళ్ళు ఊరతాయి, ఆ గుంటే మా చెలమ. ఎంత మురికినైనా ఇసుక పట్టేసుకుంటుందని, చెలమ నీళ్ళకు మించిన మంచి నీళ్ళు లోకంలో లేవని మా ఊరందరి నమ్మకం. ఊళ్ళో ఫిల్టర్ నీళ్ళ క్యాను వస్తే నేను మూతి విరిచేదాన్ని, చప్పిడి నీళ్ళు మాకెందుకు అని. మా ఆయన పలకలు కడిగేది ఆ చెలమకు కాస్త ఎగువనే. కడిగిన నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోయేవి, కంటికి ఏమీ కనబడేది కాదు, దిగువన నేను తియ్యగా ఉన్నాయని కుండ నింపుకునేదాన్ని. ఆ కుండే నెత్తిన పెట్టుకుని శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తెచ్చి మీకందరికీ పోశాను కదా, సుగుణమ్మ నీళ్ళు సుగుణమ్మ నీళ్ళు అని మీరే పొగిడి పొగిడి తాగారు కదా! కంగారుపడకండి, అప్పుడప్పుడు ఒక గ్లాసు తాగినవాళ్ళకు భయం లేదని డాక్టరమ్మను మీ కోసం ప్రత్యేకంగా అడిగి వచ్చాను.

కృప కడుపునొప్పి తగ్గకపోయేసరికి మా అత్త తేల్చేసింది. "ఎవురో మందు పెట్టినారే పిల్లకు!" అంది. మన వైపు ఈ నమ్మకం ఎంత గట్టిదో మీకు తెలుసు, పడని వాళ్ళు తిండిలో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో గడ్డకట్టి మనిషిని తినేస్తుందని. ఎవరు పెట్టారంటే, పెనుకొండలో ఉండే మా తోడికోడలు ఓబులమ్మక్క పెట్టిందట! ఏం పెట్టింది? పండక్కి పోయినప్పుడు పిల్లకు రెండు ఓళిగలు పెట్టింది, అంతే. పిల్లలు లేని మనిషి, నా బిడ్డను చూస్తే ప్రాణం లేచొచ్చే మనిషి, ప్రేమగా పూర్ణం నింపి, నెయ్యి వేసి పెట్టిన ఓళిగలు అవి. "గొడ్రాలి కన్ను ఊరికే పోతాదా?" అని మా అత్త నలుగురి ముందూ అనేసింది సహోదరులారా, ఆ మాట పెనుకొండకు చేరింది, ఆ అక్క మా గడప తొక్కడం మానేసింది.

మా అత్త ఊరుకోలేదు. అమరాపురం వైపు మందు కక్కించే ఒకాయన ఉన్నాడంటే పిల్లను ఎత్తుకుని పోయింది. ఆయనేదో పసరు తాగించాడు, పిల్ల పేగులు బయటికొచ్చేలా కక్కింది, ఇదిగో మందు అని ఒక నల్లటి ఉండ చూపించాడు. మా అత్త సంతోషం పట్టలేకపోయింది. ఇంటికొచ్చాక పిల్ల మళ్ళీ మెలికలు తిరిగింది! దానికి తోడు మా ఆయన కుడి మణికట్టు వాలిపోయింది. చెయ్యి ఎత్తితే అరచెయ్యి పైకి రాదు, కిందికే వేలాడుతుంది. విసురువల మనిషికి మణికట్టు పోతే ఇంకేముంది చెప్పండి. ఒకరోజు ఏట్లో మిగిలిన మడుగు ఒడ్డున నిలబడి వల విసరబోయాడు, వల విచ్చుకోలేదు, ముద్దగా ఆయన కాళ్ళ మీదే పడింది. ఆ మనిషి కూర్చుని ఏడ్చాడు.

ఆ పొద్దు నేను చెలమ దగ్గర నీళ్ళు తోడుతూ దేవునితో జగడం పెట్టుకున్నాను. నాకు కోపం ఎక్కువ, మీకు తెలుసు, ప్రార్థనలో కూడా తగ్గదు. "ప్రభువా, నా బిడ్డ కడుపులో ఏముండాదో నువ్వు చూస్తానే ఉండావు కదా! నాకెందుకు చూపీవు? నేనేమన్నా మేడలడిగితినా? పిల్ల పోతాండాది నాయనా, పిల్ల పోతాండాది! నువ్వు చూపిస్తే చూడనీకి నాకు కండ్లుండాయి, చూపీ!" అని అరిచాను. నా కన్నీళ్ళు ఆ చెలమలోనే పడ్డాయి. నాకు జవాబు ఆ నీళ్ళలోనే ఉందని, దాన్నే చెంబుతో తోడి కుండలో పోసుకుంటున్నానని ఆ క్షణంలో నాకెలా తెలుస్తుంది? కానీ దేవుడు విన్నాడు, హల్లెలూయా!

ఆ వారమే మన పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చి పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చేసి ఊరుకోలేదు. "ప్రార్థన చేసినాం కదా, ఇంక లెయ్యండి, హిందూపురం ఆస్పత్రికి పోదాం" అన్నారు. దేవుడే బాగుచేస్తాడు కదా అయ్యగారూ, ఆస్పత్రి ఎందుకని నేను నసిగితే, "డాక్టరు చేతులు ఎవురు చేసినారమ్మా?" అన్నారు. నేను పిల్లకు గౌను మార్చాను, మా అత్త కూడా బయల్దేరింది.

పోయాం. అక్కడ పిల్లల డాక్టరమ్మ కృపను చూస్తూ చూస్తూ, పిల్లను పట్టుకున్న మా ఆయన చెయ్యి వైపు చూసింది. ఆయన తన జబ్బు చూపించుకోవడానికి రాలేదు, పిల్లను మోసుకొచ్చాడంతే. "చెయ్యి ఎందుకు అట్ల వాలింది? ఏం పని చేస్తావప్పా?" అని అడిగింది. అడిగిందే చాలు, మా ఆయనకు హుషారొచ్చి, సీసం ఎలా కరిగిస్తాడో, గుండు ఎలా పోస్తాడో చెప్పి, పళ్ళతో ఎలా బిగిస్తాడో నోరు తెరిచి మరీ చూపించాడు! డాక్టరమ్మ లేచి వచ్చి, టార్చి వేసి, ఆయన పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్ళ అంచున నల్లటి గీత. నేను ఆ నోట్లోకి అన్నేళ్ళు చూసి వక్కాకు మరక అనుకున్న గీత! అక్కడే ఇద్దరికీ రక్తం తీయించి, మేం తాగే నీళ్ళు కూడా పట్టి పంపమంది.

రిపోర్టు వచ్చాక కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. ఇద్దరి రక్తంలోనూ సీసం ఉందట. పొయ్యి మీద కరిగించిన పొగలో, ఆయన చేతుల్లో, పళ్ళలో, పొయ్యి దగ్గర బూడిదలో, అన్నిట్లో ఉందట. మేం బాటిల్లో పట్టి పంపిన చెలమ నీళ్ళలోనూ ఉందట. "సీసానికి వాసన లేదమ్మా, నీళ్ళల్లో కలిస్తే కంటికి కనపడదు, మరగబెట్టినా పోదు, ఇసుకను నమ్ముకుంటే కుదరదు. పెద్దోళ్ళకంటే పిల్లల ఒంట్లో ఎక్కువ నిలుస్తుంది, మెదడును తాకుతుంది" అని చెప్పింది. మా అత్త వింటూ వింటూ కృప నోట్లోని వేలు లాగేసి కొంగుతో తుడిచింది. పిల్లకు మందు పెట్టింది ఎవరు? మేమే! కన్నవాళ్ళమే, మా వలతో, మా పొయ్యితో, మా కుండతో!

అక్కడితో అయిపోలేదు. పిల్లను ఆ ఇంటికి ఇంక తీసుకుపోవద్దు, ఆ నీళ్ళు ముట్టించొద్దు, ఇల్లు కడిగి బాగుచేసేదాకా వేరే చోట ఉంచి మంచి తిండి పెట్టండి, లేకపోతే నేనిచ్చే మందు పనిచెయ్యదు, పిల్ల చేతికి దక్కదు అంది డాక్టరమ్మ. వేరే చోటు అంటే మాకు ఎక్కడుంది? పుట్టింట్లో నాకెవరూ లేరు. ఉన్నది ఒక్కటే ఇల్లు, పెనుకొండలో ఓబులమ్మక్క ఇల్లు! మా అత్త ముఖం చూశాను. ఆమె తల తిప్పుకుంది. పెనుకొండ బస్సులో కూడా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. నేను మాత్రం లోపల ప్రార్థిస్తూనే ఉన్నాను. "ప్రభువా, ఆ తలుపు మేమే మూసినాం, నువ్వే తెరువు. ఆ యక్క తిట్టినా సరే, కొట్టినా సరే, నా బిడ్డను మాత్రం లోపలికి రానీయ్యి" అని.

తలుపు తీసిన ఓబులమ్మక్క మమ్మల్ని చూసి కొయ్యలా నిలబడింది. మా ఆయన జరిగిందంతా చెప్పాడు. ఆమె ఒక్క తిట్టు తిట్టలేదు సహోదరులారా, కృపను చంకనేసుకుని లోపలికి పోయి, వేడన్నంలో పప్పు కలిపి తెచ్చింది. తెచ్చి పిల్ల ముందు పెట్టబోయి ఆగి, మా అత్త వైపు చూసింది. "ముందు నేను తింటా అత్తా, నువ్వు చూడు. తిన్నాక పిల్లకు పెడతా" అంది. ఆ మాట నా గుండెలో దిగింది. ఆమె ముద్ద నోటికి ఎత్తబోతుంటే మా అత్త లేచి ఆ చెయ్యి పట్టుకుంది. ఆ ముద్ద తీసుకుని తానే తినింది! తిని, "నన్ను చెప్పుతో కొట్టు ఓబులా, తప్పయిపాయ. ఇంగ పిల్లకు పెట్టు, నీ చేత్తోనే పెట్టు" అని భోరుమంది. మేమందరమూ ఏడ్చాం, ఒక్క కృప తప్ప. అది మాత్రం మట్టి అడగకుండా, బూడిద అడగకుండా, "ఇంకొంచెం పెట్టు పెద్దమ్మా" అనింది!

ఆ ఇంట్లోనే నా బిడ్డ తిరిగి బతికింది. రక్తంలో సీసాన్ని బయటికి తెచ్చే మందు డాక్టరమ్మ ఇచ్చింది, ఓబులమ్మక్క పాలూ గుడ్డూ ఆకుకూరా రాగి సంకటీ పెట్టింది, సంఘమంతా మోకాళ్ళ మీద నిలిచింది. నెమ్మదిగా కడుపునొప్పి పోయింది, ముఖానికి రంగొచ్చింది. లెక్కల్లో ఇంకా కాస్త వెనకే ఉంది, దానికీ ప్రార్థన చేయండి, అబద్ధం చెప్పి దేవునికి మహిమ తేలేను కదా. మా ఆయన మణికట్టు కూడా లేచింది! ఇప్పుడు వల అంచుకు మెకానిక్ షాపులో దొరికే ఇనుప నట్లు కడుతున్నాడు, విసిరితే గలగలమని అరకిలోమీటరు వినబడుతుంది, చేపలు ముందే పారిపోతాయని నేను ఏడిపిస్తాను. ఏట్లో బ్యాటరీ పలకలు కడగొద్దని ఊరూరా తిరిగి చెప్పేది కూడా ఆయనే. ఆ చెలమ పూడ్చేశాం. ఇసుకలో దిగినది ఒక్కరోజులో పోదట, అందుకే ఆ మడుగు చేపలు కూడా మేం తినం, ఎవరికీ అమ్మం.

అరణ్యంలో తన జనం కోసం చేదు నీళ్ళను తియ్యగా చేసిన దేవుణ్ణి గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాం. నాకైతే తియ్యటి నీళ్ళలో చేదును చూపించి నా బిడ్డను కాపాడిన దేవుడాయన! నువ్వు ప్రార్థిస్తున్నావా తల్లీ, జవాబు రాలేదని అలిగావా అన్నా? నమ్ముకో, వస్తుంది. అయితే అది మనం మూసేసిన తలుపు వెనక నిలబడి ఉంటుందేమో, ఒకసారి పోయి తట్టి చూడండి.

అదిగో, వెనక ద్వారం దగ్గర నీలం చీర కట్టుకుని నిలబడిన మనిషే మా ఓబులమ్మక్క. ఆమె ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు, ఈ రోజే మొదటిసారి మందిరానికి వచ్చింది, ఊరికే రాలేదు, పెనుకొండ నుంచి మీ అందరికీ కుండెడు మంచినీళ్ళు తెచ్చింది. పక్కన గ్లాసు పట్టుకుని నిలబడింది మా అత్త. అందరికంటే ముందు తానే తాగుతానని పొద్దున్నుంచీ పట్టుబట్టి కూర్చుంది. దేవునికే మహిమ! రండి, ఆ చేతి నీళ్ళు తాగి వెళ్ళండి.