దస్తీ కప్పిన గిటార్లు

ఎద్దులు కొనబోయేవాడు తెలిసినవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకుపోవడం మన దిక్కు పాత పద్ధతి. ఇప్పుడు ఎద్దుల జాగాలో ట్రాక్టర్లు వచ్చాయి, ఎద్దు పళ్లు పట్టి చూసేవాడి జాగాలో మెకానిక్ వచ్చాడు. చొప్పదండిలో మాత్రం ఇంకో రకం తెలిసినవాడు ఉన్నాడు. ఎవరికైనా గిటార్ కొనాలని బుద్ధి పుడితే ముందు తోమాసు ఇంటికి పోతారు, ఆయన్ను బస్సెక్కించి కరీంనగర్ తీసుకుపోతారు. చాయ్, టిఫిన్ వాళ్లు పెట్టించాలి. అంతకు మించి ఆయన ఏమీ పుచ్చుకోడు.

తోమాసు బతుకుతెరువు గిటార్లు కాదు, వడ్రంగం. దర్వాజాలు, కిటికీలు చేస్తాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. చెవి మీద పెన్సిల్ లేకుండా ఆయన్ను చూసినవాళ్లు తక్కువ. ఆదివారం మెథడిస్టు చర్చిలో గిటార్ వాయిస్తాడు. గొప్పగా ఏం వాయించడు, ఆ సంగతి ఆయన భార్య దెబోరా అడిగినవాళ్లకూ చెప్తుంది, అడగనివాళ్లకూ చెప్తుంది. కానీ ఏ గిటార్ పనికొస్తుంది, ఏది పనికిరాదు అనే దగ్గర ఆయన మాటకు తిరుగులేదు.

ఈ విద్య ఆయనకు అబ్బి ముప్పై ఏళ్లవుతోంది. మంచిర్యాల నుంచి వచ్చిన ఒక బోధకుడు తిరిగి పోతూ పోతూ చర్చికి ఒక గిటార్ ఇచ్చిపోయాడు. ప్లైవుడ్‌ది, అగ్గువది, తక్కువ ధరకు దొరికేది. పడుచువాళ్లంతా దాని మీద ఎగబడ్డారు. వారం తిరక్కముందే అందరి వేళ్లూ బొబ్బలెక్కాయి. తీగలు మెడ మీద అంత ఎత్తున ఉన్నాయి మరి, నొక్కాలంటే ఒంట్లో ఉన్న బలమంతా వేలికొసకు తేవాలి. గిటార్ పట్నపోళ్ల సామాను, మన చేతులకు కాదని తీర్మానించి దాన్ని బీరువా మీదికి ఎక్కించేశారు. ఆ బీరువా తలుపు బిగించడానికి వచ్చిన తోమాసు దాన్ని దించి చూశాడు. తీగల కింద ఒక తెల్లటి బద్ద ఉంటుంది, అది కావలసినదానికంటే ఎత్తుంది. అంతే జబ్బు. బద్దను ఊడదీసి సాండ్ పేపరు మీద అరగదీశాడు. మెడ అంచున గుచ్చుకుంటున్న ఇత్తడి మెట్ల కొసలను ఆకురాయితో నున్నగా రుద్దాడు. సాయంత్రానికి బొబ్బలెక్కిన వేళ్లే ఆ గిటార్ మీద పాట వాయించాయి.

"తలుపు పట్టేస్తే తలుపు పారేస్తమా? రంద పట్టి చెక్క గీకి సరిజేసుకుంటం" అంటాడు తోమాసు. "అగ్గువ గిటార్లు చెడ్డయి కావు. సగం చేసి అమ్మినయి. మిగిలిన సగం మనం చేసుకోవాలె."

ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. దెబోరా అయితే ఆయన నోరు తెరవకముందే అందుకుని మిగతాది తనే పూర్తి చేస్తుంది.

కరీంనగర్ టవర్ సర్కిల్ అవతల సాయిచంద్ గిటార్ల దుకాణంలో తోమాసు పని చూడాలి. ఎదురుగా కళ్లు చెదిరేట్టు వేలాడదీసిన వాటి జోలికి పోడు. వంగి, కింది వరుసలో దుమ్ముపట్టి ఉన్నవాటిని తీస్తాడు. ముందు జేబులోంచి దస్తీ తీసి గిటార్ తల మీద కంపెనీ పేరు కనబడకుండా కప్పుతాడు. పేరు కనబడితే చెవులు సరిగా పనిచేయవని ఆయన నమ్మకం. తర్వాత ఒక కన్ను మూసి, పలక వంకర చూసినట్టే మెడ వంకర చూస్తాడు. తీగ కింద రూపాయి బిళ్ల దూర్చి ఎత్తు చూస్తాడు. మెట్ల అంచు మీద అరచెయ్యి జరుపుతాడు. పొట్ట మీద వేలితో కొట్టి లోపల ఏదైనా వదులై గలగలమంటోందా అని చెవి పెడతాడు. ఒకే కంపెనీవి, ఒకే ధరవి ఏడు ఉంటే ఏడూ దించమంటాడు. ఆరు పక్కన పెట్టి ఒకటి తీస్తాడు. మొదట్లో సాయిచంద్‌కు ఒళ్లు మండేది. తోమాసు తీసిన గిటార్ ఒక్కటీ ఫిర్యాదుతో వెనక్కి రాలేదని తెలిశాక, కొత్త సరుకు దిగిన రోజు తనే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

పోయిన చలికాలం జమున ఆయన ఇంటికి వచ్చింది గిటార్ కోసం కాదు, తమ ఇంటి తలుపు పట్టేస్తోందని చెప్పడానికి. జమున బీడీలు చుడుతుంది, వయసు ముప్పై ఆరు. భర్త కొమురెల్లి మస్కట్‌లో డ్రైవరు. వచ్చిపోయి మూడేళ్లయింది. ఆమె వచ్చేసరికి తోమాసు గిటార్‌కు తీగలు మారుస్తున్నాడు. కాసేపు చూసి, "మామా, ఒక్కపాలి పట్టుకోవచ్చా?" అని అడిగింది. బాసింపట్టు వేసుకు కూర్చుని, రోజూ బీడీల చాట పెట్టుకునే చోటే ఒళ్లో గిటార్ పెట్టుకుంది.

తోమాసు మూడు చోట్ల వేళ్లు ఎట్లా పెట్టాలో చూపించాడు. చర్చి పిల్లలకు ఆ మూడూ కుదరడానికి నెల పడుతుంది. జమున నాలుగో రోజుకు ఒకదాన్నుంచి ఒకదానికి తడుముకోకుండా మారుతోంది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆకు చుట్టి, కొన మడిచి, దారం కట్టే వేళ్లు అవి. ఎవరూ వాటిని మెచ్చుకున్న పాపాన పోలేదు. తోమాసుకు ఆ రోజు అన్నం సంగతే మరిచిపోయేంత సంతోషమైంది.

"ముప్పై ఏండ్లసంది నీకు రానిది గీ పిల్లకు నాలుగొద్దులల్ల వచ్చింది" అంది దెబోరా.

"వచ్చింది గదా, ఎవలికి వస్తేంది" అన్నాడు. కొంచెం కుళ్లు కూడా పుట్టింది, అది దాచుకున్నాడు.

జమునకు సొంత గిటార్ కావాలి. నాలుగున్నర వేలలో తోమాసు ఒకటి తీసిస్తానన్నాడు. ఆమె ఆ ముచ్చట మస్కట్‌కు చెప్పింది, అక్కడే చిక్కొచ్చి పడింది. మూడేళ్లుగా ఇల్లు చూడని మనిషికి భార్య ఏదో ఒకటి నోరు తెరిచి అడగడమే పండగైంది. ఫోన్లో వెతికి నలభై వేల గిటార్ చూశాడు. నాలుగున్నర వేలది కొంటే నలుగురూ ఏమనుకుంటారు, నలభై వేలదే కొంటానని మొండికేశాడు.

జమున మళ్లీ తోమాసు ఇంటికి వచ్చింది. ఈసారి తలుపు మాట లేదు.

"మామా, గా పైసలు మే నెల టికెట్‌కు దాసుకున్నయి. పెద్దది కొంటే గీ ఎండకాలం గూడ రాడు. నాకు గిటారే వద్దన్నా ఇంటలేడు. నువ్వన్నా చెప్పు."

"నేను గిటార్ సంగతి చెప్పగలుగుత బిడ్డా. మొగని సంగతి నాకేం ఎరుక" అన్నాడు తోమాసు. కానీ ఆ పిల్ల మొహం చూశాక ఆయనకు పని మీద మనసు నిలవలేదు.

శుక్రవారం కొమురెల్లికి సెలవు. ఆ రోజు ముగ్గురూ కలవాలని ఒప్పందమైంది, ఇద్దరు సాయిచంద్ దుకాణంలో, ఒకడు ఫోన్లో. తోమాసు చిన్నది ముందే ఏరి పెట్టాడు. ప్లైవుడ్‌ది, మెడ నిటారుగా ఉంది, బద్ద కొంచెం అరగదీస్తే సరిపోతుంది. మన ఎండకు ప్లైవుడ్డే నిలుస్తుందని, ఒంటి చెక్క గిటార్ రేకుల ఇంట్లో పగులుతుందని కూడా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు సాయిచంద్ పెద్దది దించాడు. తోమాసు దాని తలకూ దస్తీ కప్పి ఒకసారి మీటాడు. అనుకున్నదంతా తలకిందులైంది. అంత మంచిగా ఉంది. ఎక్కడైనా ఒక లోపం దొరికితే బాగుండునని మెడ చూశాడు, పొట్ట కొట్టి చూశాడు, అంచులు తడిమాడు. ఏమీ దొరకలేదు.

ఫోన్ మోగింది. "కాకా, ఏది ఏదో నాకు చెప్పకు" అన్నాడు కొమురెల్లి. "కెమెరా బందు పెట్టు. రెండు వాయించు, నేనే ఇని చెప్త."

ఖరీదైనది చెవికి పడగానే తెలిసిపోతుందని అతని ధీమా. తోమాసు ముందు చిన్నదాని మీద, తర్వాత పెద్దదాని మీద ఒకే పాట వాయించాడు.

"మొదటిది. మొదటిదే పెద్దది. ఎంత మంచిగున్నది కాకా" అన్నాడు కొమురెల్లి.

సాయిచంద్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. జమున మొహం విప్పారింది. ఇక తోమాసు చేయవలసిందల్లా నోరు మూసుకోవడం. అది ఎంత తేలికో ఆయనకు తెలుసు. కానీ ఫోన్లో రేకు డబ్బా వాయించినా ఇంచుమించు ఇట్లాగే వినబడుతుందని కూడా తెలుసు. పేరు చూసి ఎవరూ మోసపోవద్దని ముప్పై ఏళ్లుగా దస్తీ కప్పుతున్నవాడికి, ఇవాళ ఫోన్ అడ్డం పెట్టుకుని మోసం చేయడం చేతకాలేదు.

"కొమురెల్లీ, నువ్వు మెచ్చింది అగ్గువది. కని జర ఆగు. ఫోన్ల రెండు ఒక్క తీరే ఇనబడ్తయి. ఈడ నిలబడి ఇంటే పెద్దదే ఎక్కువ. నేను అబద్ధం చెప్ప."

జమున ఆయన వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక తోమాసు గిటార్ వైపు చూపు మళ్లించాడు.

"ఎంత ఎక్కువ కాకా?"

"పదోవంతు ఎక్కువుంటది. గదిగూడ ఎదురుంగ కూసున్నోనికే తెలుస్తది." తోమాసు ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు. "నువ్వు ఈడ కూసోని ఇంటనంటే చెప్పు, పెద్దదే కట్టిస్త. మస్కట్ల ఉండి ఫోన్ల ఇనేటోనికి గంత పెద్దది ఎందుకు కొడుకా?"

ఫోన్ కట్టయిందేమోనని జమున "హలో" అంది. కట్టవ్వలేదు.

"చిన్నదే కట్టియ్యి కాకా" అన్నాడు కొమురెల్లి. "నేనే వచ్చి ఇంట."

జమున దుకాణం బయటికి పోయి, వచ్చే బస్సులు, పోయే బస్సులు చూస్తూ చాలాసేపు నిలబడింది. తిరుగు ప్రయాణంలో గిటార్‌ను ఒళ్లో పెట్టుకుంది. బస్సు కరీంనగర్ దాటాక తోమాసు వైపు తిరిగింది.

"మామా, ఒక్క గడియ నీ మీద మస్తు కోపమొచ్చింది" అంది.

"నాకు గూడ నా మీద గంతే వచ్చింది" అన్నాడు తోమాసు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ గిటార్‌లో మిగిలిన సగం పని చేయడానికి ఆయనకు వారం పట్టింది. ఒక్క పూటలో అయ్యే పనే. బద్దను అరగదీసి, తీగలెక్కించి, వాయించి చూసి, మళ్లీ దించి ఇంకో వెంట్రుకవాసి తీశాడు. దర్వాజాల పని అడిగినవాళ్లకు రేపు, మాపు అని చెప్పాడు. దెబోరా బువ్వ గిన్నె గిటార్ పక్కనే తెచ్చిపెట్టింది, తిట్టలేదు.

మే నెలలో కొమురెల్లి వచ్చాడు. నెత్తి సగం నెరిసింది, కాస్త లావయ్యాడు. తోమాసు మూడు రోజులు ఆగి, తలుపు చూసిపోదామన్న సాకుతో రంద పట్టుకుని వాళ్ల ఇంటికి పోయాడు. బయట ఎండ నిప్పులు కక్కుతోంది. లోపల కొమురెల్లి ప్లాస్టిక్ కుర్చీ జమునకు సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. చప్పుడు అడ్డం వస్తోందని జమున కూలర్ బందు చేయించింది. నాట్లప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాట ఒకటి, తనే గిటార్‌కు కుదుర్చుకున్నది, తడబడకుండా మొదలుపెట్టి ఆఖరుదాకా వాయించింది. తోమాసు గడప దగ్గరే నిలబడి విన్నాడు.

పాట అయిపోయింది. కొమురెల్లి మెడ మీది చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయి కూర్చున్నాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"కాకా, పెద్దదానికంటే పదోవంతు తక్కువుంటది అంటివి. గది ఏడున్నది? నాకైతే ఏం తక్కువ ఇనబడ్తలేదు."

"నాకు గూడ ఇనబడ్తలేదు కొడుకా" అన్నాడు తోమాసు.

ముప్పై ఏళ్లలో ఒక గిటార్ గురించి తాను ఆడిన అబద్ధం ఇదొక్కటే అనుకున్నాడు. ఎండలో ఇంటికి నడుస్తూ పాట మళ్లీ మనసులో వాయించుకుని చూసుకున్నాడు. అబద్ధం కూడా కాదేమో అనిపించింది.