రోజారమణి కాలు ఆగితే

కాలేజీ నాటక సంఘం ప్రెసిడెంటు రోజారమణి నారాయణపేటలో మగ్గం తొక్కుతూ పెరిగిన పిల్ల. అందుకే కూర్చున్నచోట కుడికాలు ఆడుతూనే ఉంటుంది. ఆ ఊపుకు తీగ తగిలిస్తే కోస్గి దాకా బల్బులు వెలుగుతాయి. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు. జడలో పెన్ను, చేతిలో చల్లారిన చాయ్. కాలు ఆగిందంటే మాత్రం ఎవరికో మూడిందన్నమాట. మొన్న సంఘంలో చేరడానికొచ్చిన అనూహ్యను సీనియర్లు బల్ల ఎక్కించారు. "కోడి లెక్క కూసి ఇంట్రో ఇయ్యి," అన్నాడు రెండో ఏడాది రాకేష్. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లతో, "నాకు నాటకాలొద్దన్నా, నేను పోత," అని సంచీ భుజాన వేసుకుంది.

రోజారమణి కాలు ఆగింది. "దిగు చెల్లె. గీ సంఘంల ఇంట్రో ముందుగాల పెద్దోళ్లే ఇయ్యాలె. రాకేషూ, ఎక్కు."

"నేనా అక్కా?"

"నిరుడు గీ బల్ల మీదనే ఏడ్చినవ్ గద, మరిచినవా?"

రాకేష్ తల గోక్కుంటూ ఎక్కాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, నిరుడు ఏడ్చింది నిజమేనన్నాడు. "తప్పయింది చెల్లె," అని, ఎవరూ అడగకుండానే కోడిలా కూశాడు. అతని వెనక తక్కిన సీనియర్లూ వరుస కట్టారు. అనూహ్య ఫక్కున నవ్వింది. "గట్ల కాదన్నా, మా ఇంటి కోడి ఇంకా మంచిగ కూస్తది," అంటూ సంచీ దించి బెంచీ కింద పెట్టింది. రోజారమణి కాలు మళ్లీ ఆడసాగింది.