మొండి పుండ్ల వైద్యులు పద్మనాభం గారు

మొన్న ఉదయం రోగులను చూస్తుండగా ఫోన్ మోగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దశాబ్దాల పాటు వైద్యం చేసిన డాక్టర్ పద్మనాభం గారు నిద్రలోనే కన్నుమూశారని వారి అమ్మాయి చెప్పింది. స్టెతస్కోపు బల్ల మీద పెట్టేసి వారింటికి బయల్దేరాను. నల్లగొండ నుంచి కొత్తగా పట్టా పుచ్చుకుని వచ్చిన నాకు తన క్లినిక్‌లోనే పని నేర్పిన గురువు ఆయన.

గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆయనకు మానని పుండ్ల విషయంలో అసాధారణమైన ప్రజ్ఞ ఉండేది. మధుమేహంతో కాలికి పడిన వ్రణమైనా, మంచాన పడ్డవారి వీపు మీది పుండైనా, కడుపులో అల్సరైనా ముందు ప్రశ్నలే వేసేవారు. "పుండు మానాలనే చూస్తుందమ్మా. దాన్ని మాననివ్వనిదేదో కనిపెట్టు" అనేవారు. నాలుక మీది పుండుతో ఎన్నో చోట్ల తిరిగి వచ్చిన ఒక ముసలమ్మ నోట్లో వేలితో తడిమి, విరిగిన పన్ను గీసుకుంటోందని చెప్పారు. పన్ను నున్నగా అరగదీయించాక పుండు దానంతటదే మానింది.

చీరల దుకాణం యాదగిరిది పోచంపల్లి నేతకారుల కుటుంబం. ఒకనాడు నెత్తురు కక్కుకుంటూ వచ్చాడు. ఒళ్లు నొప్పులకని రోజూ మింగుతున్న బిళ్లలే కడుపులో పుండు పెట్టాయని గురువుగారు పట్టుకున్నారు. అతను కోలుకుంటున్న రోజుల్లోనే తెలంగాణ ఉద్యమం ఉద్ధృతమైంది. యాదగిరి ఎల్బీనగర్ శిబిరంలో నిరవధిక నిరాహార దీక్షకు కూర్చున్నాడని తెలియగానే ఆయన బయల్దేరారు.

"సార్, మీరు నోరు తెరవంగనే ఆంధ్రా అని తెలుస్తది. నేను పోయొస్తా" అన్నాను.

"రోగి నావాడమ్మా. పద, ఇద్దరం వెళదాం."

నేను భయపడినంతా అయింది. "దీక్ష చెడగొట్టనీకి ఆంధ్రాయన్ను పంపిన్రా?" అంటూ యువకులు చుట్టుముట్టారు. ఆయన గొంతు పెంచలేదు.

"దీక్ష ఆపమని రాలేదు బాబూ. ఈయన కడుపులో పుండు ఇంకా పచ్చిగానే ఉంది. మళ్లీ నెత్తురు పడితే ఆపడం నా వల్ల కూడా కాదు. మీ రాష్ట్రం వచ్చిన రోజున ఈయన మీతో ఉండాలా, వద్దా?"

యాదగిరి తల దించుకుని, "కూసున్నంక లేస్తే ఇజ్జత్ పోతది సార్" అన్నాడు.

అతని భార్య అండాలు ముందుకొచ్చింది. "నీ జాగల నేను కూసుంట. నువ్ పోయి డాక్టర్ సాబ్ చెప్పినట్టు ఇను."

యాదగిరి లేచి ఆమెకు చోటిచ్చాడు. గురువుగారు అక్కడికక్కడే ఆమె నాడి, రక్తపోటు చూశారు. శిబిరం ముగిసేదాకా రోజూ వెళ్లి దీక్షాపరులందరినీ పరీక్షించారు. అడ్డుకున్న ఆ యువకులే ఆయన రాగానే కుర్చీ వేసేవారు.

యాదగిరి కడుపులో పుండు పూర్తిగా మానింది. రాష్ట్రం వచ్చిన నాడు అతను ఒళ్లంతా గులాల్ రంగుతో క్లినిక్‌కు వచ్చి ఆయన్ను కావలించుకున్నాడు. "ఇగ మీరు గూడ తెలంగాణోల్లే సార్!"

"సంతోషమయ్యా. ఆ బిళ్లలు మళ్లీ మింగడం లేదు కదా?" అన్నారాయన.

అంత్యక్రియలు ముగిసిన మర్నాడు క్లినిక్ తెరిచాను. కాలికి కట్టుతో కూర్చున్న ఒక పెద్దావిడ, "సార్ లేకపాయె. ఇగ మమ్ముల ఎవరు చూస్తరు బిడ్డా?" అంది.

"నేను చూస్త అవ్వా" అన్నాను. ఆయనంతటి వైద్యురాలినని చెప్పలేను. కానీ ఆ మాట తడుముకోకుండానే అనగలిగాను. ఆ ధైర్యం ఆయన పెట్టిన భిక్ష. ఆ మహనీయునికి శిరసు వంచి నమస్కరించి, ఆమె కట్టు విప్పడం మొదలుపెట్టాను.